నెల్లూరు తీరంలో చెయ్యి చవకా? నాలుగు వందల ఏళ్ళ కూలి లెక్క

అమెరికా కార్మిక శాఖలో బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్ అని ఒక లెక్కల విభాగం ఉంది. ఏ దేశపు ఫ్యాక్టరీలో ఒక మనిషి గంట సేపు పనిచేస్తే యజమానికి ఎంత ఖర్చవుతుంది అని వాళ్ళు చాలా ఏళ్ళపాటు పట్టికలు వేశారు. మన దేశం ఆ లెక్కలోకి బాగా ఆలస్యంగా ఎక్కింది. 2005 సంవత్సరానికి మన వ్యవస్థీకృత ఫ్యాక్టరీల గురించి వాళ్ళు తేల్చిన అంకె గంటకు 91 సెంట్లు. అదే పనికి అమెరికాలో అయ్యే ఖర్చులో ఇది దాదాపు 3 శాతం. అది కూడా రిజిస్టరైన ఫ్యాక్టరీల సంగతి మాత్రమే. వస్తువులు తయారుచేసే పనిలో ఉన్న మనవాళ్ళలో దాదాపు అయిదింట నాలుగు వంతుల మంది అసలు ఆ లెక్కలోనే లేరు.

ఈ అంకె చూపిస్తే సాధారణంగా రెండు రకాల స్పందనలు వస్తాయి. "అందుకే కదా కంపెనీలు మన దగ్గరికొచ్చేది" అనేది ఒకటి. "పాపం మనవాళ్ళు" అనేది రెండోది. నాకు మాత్రం ఇంకో ప్రశ్న పట్టుకుంది. ఇది ఎప్పటినుంచి? మన తీరంలో మనిషి చెయ్యి ఎప్పుడూ ఇంత చవకేనా? చవకైతే ఆ చవకలో లాభపడింది ఎవరు?

ముందు ఒక చిన్న వివరణ. పైన చెప్పింది చేతికొచ్చే కూలి కాదు, యజమానికి అయ్యే మొత్తం ఖర్చు. జీతం, బోనస్, పీఎఫ్ లో యజమాని వాటా, ఈఎస్ఐ, గ్రాట్యుటీ అన్నీ అందులోకి వస్తాయి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే ఆఫర్ లెటర్‌లో కనబడే సీటీసీకీ, నెలాఖరున అకౌంట్లో పడేదానికీ ఉన్న తేడా మొదటి నెలలోనే తెలిసొస్తుంది కదా :-) ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

ఫ్యాక్టరీ అనే మాట మన తీరానికి 1626లో వచ్చింది

నెల్లూరులో మైపాడు గేటు దాటి సముద్రం వైపు పోతే ఇందుకూరుపేట మండలం వస్తుంది. దారి పొడుగునా వరి చేలు, వాటి మధ్య రొయ్యల చెరువులు, చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు, ఐసు, సరుకు మోసే బళ్ళు. ఆ తర్వాత బకింగ్‌హాం కాలువ, దాన్ని దాటితే మైపాడు బీచి. ఆదివారం అయితే జనం, బజ్జీలు, ఫోటోలు. ఇక్కడ నిలబడి "ఈ తీరానికి నాలుగు వందల ఏళ్ళ పారిశ్రామిక చరిత్ర ఉంది" అంటే నవ్వుతారు. కానీ ఉంది.

ఇదే తీరం వెంట దక్షిణానికి పోతే, పులికాట్ సరస్సుకు ఉత్తరపు కొసన దుగరాజపట్నం ఉంటుంది. మొన్నటి దాకా నెల్లూరు జిల్లాలోదే, 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాకు పోయింది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో అడుగుపెట్టి, 1626లో ఈ దుగరాజపట్నంలో ఒక ఫ్యాక్టరీ పెట్టింది. వాళ్ళ కాగితాల్లో దీని పేరు ఆర్మగాన్. ఫ్యాక్టరీ అంటే అప్పట్లో యంత్రాలుండే చోటు కాదు, కంపెనీ ఏజెంట్లు కూర్చుని సరుకు కొనే కొఠీ. ఆ సరుకు ముఖ్యంగా నూలు బట్ట. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్ళు ఫిరంగులు పెట్టి కోటలాగా కట్టుకున్న మొదటి చోటు కూడా ఇదే. మద్రాసు ఇంకా పుట్టలేదు.

ఆ కొఠీ అధికారి ఫ్రాన్సిస్ డే. ఆర్మగాన్‌లో బట్ట సరిగా దొరకడంలేదని ఆయన తీరం వెంట దక్షిణానికి వెళ్ళి వెతికాడు. దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర 1639 ఆగస్టులో మద్రాసుపట్నం స్థలానికి కౌలు సంపాదించాడు. దానికి కంపెనీకి ఆయన చెప్పిన ముఖ్యమైన కారణాల్లో ఒకటి, అక్కడ బట్ట మిగతా చోట్ల కంటే 20 శాతం చవక అని. 1640లో కొఠీ మద్రాసుకు మారిపోయింది. ఏడాది తిరిగేసరికి అక్కడ మూడు నాలుగు వందల నేత, అద్దకం పనివాళ్ళ కుటుంబాలు చేరాయని కంపెనీ వాళ్ళే రాసుకున్నారు.

ఇప్పటి భాషలో చెప్పాలంటే 20 శాతం కాస్ట్ సేవింగ్ కోసం ఒక సెంటర్ మూసేసి ఇంకో సెంటర్ తెరిచారు. బెంగుళూరు నుంచి ఇంకో ఊరికి ప్రాజెక్టు మార్చినట్టే. నెల్లూరు తీరం చేజార్చుకున్న మొదటి పెట్టుబడి అది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ 20 శాతం అంతా నేతగాడి కూలిలో తేడా అనుకోకూడదు. బట్ట ధరలో పత్తి, నూలు, తిండిగింజల ధర, సుంకాలు, దళారీ కమిషను అన్నీ కలిసి ఉంటాయి. "అక్కడ చవక" అన్న ప్రతిసారీ ఏది చవకో విడదీసి చూడాలి. మనం సాధారణంగా చెయ్యనిది ఇదే.

చవక బట్ట నేసినవాడు బీదవాడేనా?

స్కూలు పుస్తకాల్లో మనం చదువుకున్నది ఇది: మన నేతగాళ్ళు చాలా తక్కువ కూలికి పనిచేశారు, అందుకే మన బట్ట ప్రపంచమంతా అమ్ముడైంది. 1998లో ప్రసన్నన్ పార్థసారథి అనే చరిత్రకారుడు ఈ మాటను ఎదిరించి పెద్ద చర్చ లేపాడు. ఆయన లెక్క సులభమైనది. కూలిని వెండి నాణేల్లో కాకుండా, ఆ కూలితో ఎన్ని గింజలు వస్తాయో చూడమన్నాడు. పద్దెనిమిదో శతాబ్దంలో దక్షిణ భారతంలో నేతగాడి వారం సంపాదన 65 నుంచి 160 పౌన్ల ధాన్యం. అదే కాలంలో బ్రిటన్ నేతగాడిది 40 నుంచి 140 పౌన్లు. అంటే మనవాడు తినడానికి వాళ్ళకేమీ తీసిపోలేదు. మరి బట్ట చవకగా ఎలా ఇచ్చాడు? ఇక్కడ తిండి చవక. తిండి చవకైతే తక్కువ నాణేలతోనే కడుపు నిండుతుంది. మన పొలాల దిగుబడి బలం బట్ట ధరలో కనబడింది అంటాడాయన.

దీన్ని అందరూ ఒప్పుకోలేదు. స్టీఫెన్ బ్రాడ్‌బెర్రీ, బిష్ణుప్రియా గుప్తా అనే ఆర్థిక చరిత్రకారులు వేసిన లెక్కలో పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో బ్రిటన్ కూలి (వెండిలో) మన కూలికి నాలుగు రెట్ల పైనే. గింజల్లో చూసినా మనం వెనకబడే ఉన్నామని వాళ్ళ వాదన. దొరికిన రికార్డులు తక్కువ కాబట్టి ఏ ఊరి, ఏ ఏటి అంకె తీసుకుంటే ఆ ఫలితం వస్తుంది. పైగా మగ్గం వెనక ఇంట్లో ఆడవాళ్ళూ పిల్లలూ చేసే పని ఉంటుంది. దాన్ని ఎవరి కూలిలో వెయ్యాలి?

నాకు ఈ చర్చలో అంకెల కంటే ఆసక్తిగా అనిపించింది పార్థసారథి చెప్పిన ఇంకో విషయం, అడ్వాన్సు పద్ధతి. వర్తకుడు నేతగాడికి ముందుగా డబ్బిచ్చేవాడు. నూలు కొనడానికి, ఇల్లు గడవడానికి. మనం అడ్వాన్సు అనగానే అప్పుల వల, వెట్టి అనుకుంటాం. కానీ అప్పటి ఆచారం ప్రకారం నేతగాడు తీసుకున్న అడ్వాన్సు తిరిగిచ్చేసి, ఒప్పందం వదిలించుకుని, బట్టను ఇంకొకరికి ఎక్కువ ధరకు అమ్ముకోవచ్చు. వర్తకుడికి మాత్రం అంత స్వేచ్ఛ లేదు. తీరంలో ఇంగ్లీషు, డచ్చి, ఫ్రెంచి వాళ్ళు, వాళ్ళతోపాటు మన వర్తకులు, ఇంతమంది కొనేవాళ్ళు పోటీలో ఉన్నారు. ఎవడైనా వేధిస్తే నేతగాళ్ళు ఊరికి ఊరే లేచి పక్క నాయకుడి రాజ్యానికి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ నాయకుడు పన్ను తగ్గించి మరీ రానిచ్చేవాడు.

జాయినింగ్ బోనస్ వెనక్కి కట్టేసి ఇంకో కంపెనీలో చేరిపోయిన మిత్రులు మీకూ ఉండే ఉంటారు. అదే ఇది. మా పరిశ్రమలో జీతాలు పెరగడానికి మా తెలివితేటలే కారణమని మేమనుకుంటాం గానీ, ఇంకో ఆఫర్ చేతిలో పెట్టుకుని లేచిపోగలగడం దానికంటే పెద్ద కారణం.

రెండు దెబ్బలు

ఆ లేచిపోయే దారి ఎలా మూసుకుపోయింది? పాఠాల్లో లాంకషైర్ యంత్రాలు వచ్చి మన నేతగాళ్ళను ముంచాయని చెప్తారు. అది నిజమే, కానీ అది రెండో దెబ్బ. మొదటిది అంతకు ముందే పడింది.

కంపెనీ వర్తకుడిగా ఉన్నంతకాలం నేతగాడి షరతులకు లోబడింది. పాలకుడయ్యాక షరతులు తనే రాసింది. ఉత్తర సర్కారులు 1766లో కంపెనీకి వచ్చాయి. నెల్లూరు ఆర్కాటు నవాబు చేతిలో ఇంకొంతకాలం ఉండి, 1801లో కర్ణాటక రాజ్యంతోపాటు పోయింది. అధికారం చేతికొచ్చిన చోటల్లా కంపెనీ మధ్య వర్తకులను తప్పించి తన గుమాస్తాలను పెట్టింది. తన ఆర్డరు పూర్తయ్యేదాకా ఇంకెవరికీ నెయ్యకూడదంది. అడ్వాన్సు తిరిగిచ్చి బయటపడే దారి మూసింది. పని ఆలస్యమైతే ఇంటి ముందు బంట్రోతును కూర్చోబెట్టింది. అదే చెయ్యి, అదే మగ్గం, అదే బట్ట. మారింది రూలు ఒక్కటే. కూలి మాత్రం అణిగిపోయింది.

నేతగాళ్ళు నోరు మూసుకుని కూర్చోలేదు. 1798లో గోదావరి ప్రాంతంలో పద్మశాలి, దేవాంగ, కైకాల, కర్ణబత్తుల వాళ్ళు కులాలు దాటి కలిశారు. ఊరినుంచి ఊరికి ఉత్తరాలు నడిపారు. కంపెనీకి పని ఆపారు. చరిత్రకారిణి పి. స్వర్ణలత వీళ్ళ అర్జీలను, వాంగ్మూలాలను వెలికితీసి రాశారు. మనకు కార్మిక ఉద్యమం అంటే బొంబాయి మిల్లులు గుర్తొస్తాయి. మన తెలుగు నేల మీద దానికి చాలా ముందే సమ్మె జరిగిందని మనలో ఎంతమందికి తెలుసు?

రెండో దెబ్బ యంత్రం. దీని తీవ్రత తెలియాలంటే ఒక లెక్క చాలు. చేత్తో వంద పౌన్ల పత్తిని సన్న నూలుగా వడకడానికి మన దగ్గర 50,000 గంటల పైన పట్టేది. 1780 ప్రాంతపు క్రాంప్టన్ మ్యూల్ యంత్రం మీద అదే పని 2,000 గంటలు. 1825 నాటి స్వయంచాలక మ్యూల్ మీద 135 గంటలు. మన కూలి వాళ్ళ కూలిలో నాలుగో వంతే అనుకోండి. పని గంటల్లో తేడా 1780లోనే 25 రెట్లు, 1825 నాటికి 370 రెట్లు. యంత్రం ఖరీదు, పత్తి ధర కలిపినా ఇది కూలి తగ్గించుకుని గెలిచే పందెం కాదు. అయినా మనవాళ్ళ చేత అదే ఆడించారు. ఇక్కడినుంచి వెళ్ళే బట్ట మీద బ్రిటన్‌లో భారీ సుంకం, అక్కడినుంచి వచ్చే బట్ట మీద ఇక్కడ నామమాత్రపు సుంకం. మొదట నూలు వడికే ఆడవాళ్ళ పని పోయింది. వాళ్ళ సంపాదన మొదటినుంచీ అంతంతమాత్రమే, పార్థసారథి పట్టికలోనే వారానికి 12 నుంచి 30 పౌన్ల గింజలు. కానీ అది ఊరూరా ప్రతి ఇంట్లో ఉన్న ఆదాయం. పోయినప్పుడు లెక్కపెట్టినవాళ్ళు కూడా లేరు.

నెల్లూరుది ఇందులో ఒక ప్రత్యేకమైన కథ. ఇక్కడినుంచి నీలిమందు అద్దిన సెలంపూరు బట్ట వెస్టిండీస్ దీవులకు పోయేది. చెరకు తోటల్లో బానిసలు కట్టుకోవడానికి. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1833లో వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. ఒకసారి ఆలోచించండి. నెల్లూరు నేతగాడి కూలి, కూలి అన్నదే లేని మనిషి ఒంటి మీది గుడ్డకు ముడిపడి ఉంది. గ్లోబలైజేషన్ అనే మాట మనం 1991లో నేర్చుకున్నాం గానీ, మన జిల్లా అంతకు ముందు రెండు శతాబ్దాలుగా దాని మధ్యలోనే ఉంది.

రోజుకు ఒక పౌను

మైపాడుకు పోయే దారిలో దాటే బకింగ్‌హాం కాలువ పేరు 1870ల నాటి మద్రాసు గవర్నరుది. కాలువ ముక్కలు ముక్కలుగా చాలా ఏళ్ళు తవ్వారు. 1877-78 కరువులో మద్రాసులో అడయారు, కూవం నదులను కలిపే ముక్కను కరువు పని కింద తవ్వించారు. ఆ ధాత కరువు మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మందిని మింగింది. నెల్లూరు జిల్లా కూడా దెబ్బతింది.

ఆ కరువులో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి 1877 జనవరిలో ఒక కూలి నిర్ణయించాడు. కరువు పనిలో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర. మనిషి ప్రాణం నిలబెట్టుకుంటూ పని చెయ్యడానికి కనీసం ఎంత కావాలో ప్రభుత్వమే ప్రయోగం చేసినట్టు. ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ కార్నిష్ ఇది మనుషుల్ని చంపే కూలి అని పోరాడాడు. కొన్ని నెలలకు పెంచక తప్పలేదు.

నూరేళ్ళ కిందటి నేతగాడికి వారానికి తక్కువలో తక్కువ 65 పౌన్లు. కరువు కూలికి వారానికి ఏడు పౌన్లు, కాసిని అణాలు. రెంటినీ నేరుగా పోల్చడం సరికాదు. ఒకటి చేతిపని ఆదాయం, రెండోది విపత్తులో ఇచ్చిన సాయం. కానీ ఒకటి మాత్రం తెలుస్తుంది. టెంపుల్ ఒక పౌను అనగలిగాడంటే, అవతలివాడికి పోవడానికి ఇంకో చోటు లేదు. "ఈ ధరకు నేను చెయ్యను" అనగలిగితే కూలికి ఒక అడుగు ఉంటుంది. అనలేకపోతే అడుగే ఉండదు.

కూలి తక్కువైతే సరుకు చవకేనా?

ఇరవయ్యో శతాబ్దం మొదటికి వద్దాం. మన దేశంలో మిల్లులు వచ్చేశాయి. యంత్రాలు ఇంగ్లాండువే, కూలి మాత్రం వాళ్ళ కూలిలో చిన్న ముక్క. మరి ప్రపంచ బట్టల వ్యాపారమంతా మన చేతికి రావాలి కదా? రాలేదు. గ్రెగరీ క్లార్క్ అనే ఆర్థికవేత్త 1987లో దీని మీద రాసిన వ్యాసంలో 1910 నాటి లెక్క ఒకటుంది. అమెరికాలోని న్యూ ఇంగ్లాండులో ఒక మిల్లు కార్మికుడు చేసే పని బ్రిటన్‌లో ఒకటిన్నర మంది, జర్మనీలో 2.3 మంది, ఇండియా, చైనా, జపాన్, గ్రీస్‌లలో దాదాపు ఆరుగురు చేసేవాళ్ళు.

క్లార్క్ దీనికి చెప్పే కారణాలతో నాకు పేచీ ఉంది. తప్పంతా కార్మికుడి పనితీరులో ఉన్నట్టు వినబడుతుంది. బొంబాయి నేతగాడు రెండు మగ్గాలే చూసుకునేవాడంటే, మనుషులు చవక కాబట్టి యజమాని ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు, అంతే. నేర్పించే ఖర్చెందుకు, మంచి నూలు కొనే ఖర్చెందుకు? కూలి చవకైన చోట కూలివాడి సమయం వృథా చెయ్యడం కూడా చవకే. ఈ ముక్క సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక స్క్రిప్టు రాస్తే అయిపోయే పనికి పదిమంది కొత్తవాళ్ళను కూర్చోబెట్టిన ప్రాజెక్టులు మనం చూశాం.

బ్రిటన్‌లో కూలి ఎక్కువ కాబట్టే అక్కడ యంత్రాలు కనిపెట్టడానికి ఒత్తిడి వచ్చిందని బ్రాడ్‌బెర్రీ, గుప్తా చెప్పే మాట కూడా ఇక్కడే అతుకుతుంది. చవక కూలి మనకు వరం అని చెప్పేవాళ్ళు ఈ వైపు కూడా చూడాలి.

ఇప్పుడు: బూట్లు, ఫోన్లు, రొయ్యలు

ఫ్రాన్సిస్ డే కొఠీ ఎత్తేసిన దుగరాజపట్నం నుంచి పులికాట్ సరస్సును చుట్టి అవతలి వైపుకు వస్తే తడ. ఇక్కడ మాంబట్టులో 2006లో అపాచీ అనే తైవాన్ కంపెనీ అడిడాస్‌కు బూట్లు కుట్టే ఫ్యాక్టరీ మొదలుపెట్టింది. చైనాలో వాళ్ళకు అప్పటికే ఫ్యాక్టరీ ఉంది. పక్కనే శ్రీసిటీ 2008లో వచ్చింది. 2015లో ఫాక్స్‌కాన్ అక్కడ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. ఈ రెండు చోట్లా పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు. నేను దీనికి వ్యతిరేకిని కాదు. వ్యవసాయ కూలి తప్ప ఇంకో దారి లేని ఇంట్లో ఒక అమ్మాయి పేరు మీద బ్యాంకు అకౌంటు, పీఎఫ్ నంబరు ఉండటం చిన్న మార్పు కాదు.

కానీ దేశం మొత్తం మీద ఫ్యాక్టరీల వార్షిక సర్వే చెప్పే రెండు విషయాలు చూడండి. ఒకటి, ఫ్యాక్టరీలు కొత్తగా సృష్టించే నికర విలువలో కార్మికుల కూలి వాటా 1980ల మొదట్లో సుమారు 30 శాతం. 2007-08 నాటికి అది 10 శాతం దరిదాపుకు వచ్చింది. తర్వాత కొంచెం లేచింది గానీ పాత చోటుకు పోలేదు. రెండు, కార్మికుల్లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళు 2000-01లో అయిదింట ఒక వంతు, 2022-23లో 40 శాతం పైన. రూపాయల్లో కూలి పెరిగింది, నిజమే. కానీ కేకు అంతకంటే వేగంగా పెరిగింది, ముక్క సన్నబడింది.

ఇక మైపాడుకు దగ్గరైన పరిశ్రమ రొయ్యలు. రొయ్యలు పెంచడం వ్యవసాయమే, కానీ తల తీసి, పొట్టు ఒలిచి, నరం లాగి, గడ్డకట్టించి పెట్టెల్లో సర్దడం ప్రభుత్వ లెక్కల్లో తయారీ పరిశ్రమ. 1990ల మొదట్లో టైగర్ రొయ్యతో ఈ తీరం డబ్బు చూసింది. 1994-95లో వైట్‌స్పాట్ తెగులు వచ్చి ముంచింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు తీరంలో చెరువులకు అడ్డుకట్ట వేసింది. 2005లో తీరప్రాంత ఆక్వా చట్టం వచ్చింది. 2009లో వనామీకి అనుమతి దొరికాక మళ్ళీ లేచింది. 2023-24లో దేశం ఎగుమతి చేసిన గడ్డకట్టించిన రొయ్యల విలువ 40 వేల కోట్ల రూపాయల పైన. బరువులో ఏడు లక్షల టన్నుల పైచిలుకు. అందులో దాదాపు మూడు లక్షల టన్నులు అమెరికాకు. పెంపకంలో మన రాష్ట్రమే ముందు.

ఈ పెట్టె మీద ధర ఎలా ఏర్పడుతుందో చూడండి. అమెరికా సూపర్‌మార్కెట్ ఇంత ధరకే కొంటానంటుంది. అక్కడినుంచి వెనక్కి లెక్క వస్తుంది. ఎగుమతిదారు, కమిషన్ ఏజెంటు, రైతు, కాంట్రాక్టరు, చివరికి ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పొట్టు ఒలిచే ఆడమనిషి. మేత ధర, కరెంటు, సీడు, ఐసు ఇవేవీ బతిమాలితే తగ్గవు. తగ్గేవి రెండే, రైతుకిచ్చే కౌంటు ధర, ఒలిచేవాళ్ళకిచ్చే కూలి. 2025లో అమెరికా మన సరుకు మీద సుంకాలు పెంచింది. ఆగస్టు 27 నుంచి అది 50 శాతానికి చేరింది. రొయ్యకు అంతకు ముందే ఉన్న వేరే సుంకాలు దీనికి అదనం. వార్త రాగానే చెరువు గట్టు మీద ధర పడింది. రైతుల గోడు పేపర్లలో వచ్చింది, ముఖ్యమంత్రి కేంద్రానికి ఉత్తరం రాశారు, మంచిదే. షెడ్లలో ఒలిచేవాళ్ళ గోడు ఎంత వచ్చింది? 2024 మార్చిలో ఒక అమెరికా న్యాయ సంస్థ, కొన్ని వార్తా సంస్థలు మన రాష్ట్రపు రొయ్యల షెడ్ల గురించి బయటపెట్టినప్పుడు మాత్రం కొన్ని రోజులు వినబడింది. కనీస వేతనం కంటే తక్కువ కూలి, దళారీల ద్వారా తెచ్చిన వలస కూలీలు, అడ్వాన్సుల బాకీలు. పరిశ్రమ వాళ్ళు కాదన్నారు. తర్వాత మర్చిపోయాం.

అడ్వాన్సు అనే మాట మళ్ళీ వచ్చింది చూశారా? పద్దెనిమిదో శతాబ్దపు నేతగాడు అడ్వాన్సు తిరిగిచ్చి లేచిపోగలిగాడు. ఇరవై ఒకటో శతాబ్దంలో దళారీ బాకీ తీరేదాకా షెడ్డు వదలలేని మనిషి ఉందంటే, మనం ముందుకొచ్చామా వెనక్కొచ్చామా?

నా అభిప్రాయం

కూలి చవక అనేది నేల గుణమో, జనం గుణమో కాదు. నాలుగు వందల ఏళ్ళలో ఈ తీరంలో చేతి నేర్పు మారినప్పుడల్లా కూలి మారలేదు. రూలు మారినప్పుడల్లా మారింది. అందుకే "మన దగ్గర లేబర్ చవక" అని పెట్టుబడుల సదస్సుల్లో గొప్పగా చెప్పుకోవడం నాకు నచ్చదు. అదే మాట ఫ్రాన్సిస్ డే కూడా చెప్పాడు, కాకపోతే ఆయన కొనేవాడు. అమ్మేవాళ్ళం మనమే ఆ మాట చెప్పుకోవడం ఏం వ్యాపారం? పైగా చవక కోసం వచ్చినవాడు ఇంకా చవకైన చోటికి పోతాడు. దుగరాజపట్నం కొఠీ పధ్నాలుగేళ్ళకే లేచిపోయింది.

మరి ఏం చూడాలి? నాకు తోచినవి మూడు.

1. గంటకు ఎంత అనే కాదు, తయారైన విలువలో వాటా ఎంత అని కూడా అడగాలి. కూలి రెట్టింపై వాటా సగమైతే అది పెరుగుదల కాదు.

2. కనీస వేతనం నిజంగా అడుగుగా ఉండాలి. 1982లోనే ఏషియాడ్ పనివాళ్ళ కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని చెప్పింది. ఇంత గట్టి తీర్పు ఉండి కూడా ముక్క లెక్కన ఇచ్చే కూలిని గంటల్లోకి మార్చి చూసే ఇన్‌స్పెక్టరు లేకపోతే లాభం లేదు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కొత్త కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చాయి. వేతన కోడ్ ప్రకారం కనీస వేతనం అన్ని రకాల పనులకూ వర్తిస్తుంది. మొత్తం చెల్లింపులో అలవెన్సులు సగాన్ని దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనం కిందే లెక్కేస్తారు. (సీటీసీ గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. పీఎఫ్, గ్రాట్యుటీ దీని మీదే ఆధారపడతాయి. మన స్లిప్పులూ మారతాయి.) కాగితం మీద ఇది మంచి అడుగు. షెడ్డు గుమ్మం దాటుతుందా లేదా అనేదే ప్రశ్న.

3. అన్నిటికంటే ముఖ్యమైనది, లేచిపోగల స్వేచ్ఛ. బాకీ పేరుతో, గుర్తింపు కార్డు లాక్కుని, కాంట్రాక్టరు గేటు దాటనివ్వకుండా ఆపే ప్రతి పద్ధతీ కూలిని తగ్గించే యంత్రమే. దాన్ని తీసేస్తే చాలా వరకు కూలి దానంతటదే లేస్తుంది. ఇది నినాదం కాదు, మా పరిశ్రమలో కళ్ళారా చూసిన సంగతి.

కూలి పెంచితే కంపెనీలు వియత్నాం పోతాయి, బంగ్లాదేశ్ పోతాయి అనేవాళ్ళు ఉంటారు. కొన్ని పోతాయి కూడా. కానీ ఆ 370 రెట్ల లెక్క ఇంకోసారి చూడండి. ఆ పందెంలో ఓడిపోయింది కూలి ఎక్కువ ఇచ్చిన దేశం కాదు. పొట్టు ఒలిచే పనికి యంత్రాలు ఇప్పటికే ఉన్నాయి. రేపు ఇక్కడికీ వస్తాయి. అప్పటికి మన షెడ్లలో ఉన్న ఆడవాళ్ళు ఆ యంత్రం నడిపేవాళ్ళుగా ఉంటారా, నూలు వడికినవాళ్ళలాగా లెక్కలో లేకుండా పోతారా అన్నది ఇప్పుడు మనం ఇచ్చే కూలి, నేర్పించే పని తేలుస్తాయి.

ఈసారి మైపాడు పోయినప్పుడు బీచిలో కాసేపు కూర్చున్నాక, దారిలో ఏదైనా ఐసు బండి కనబడితే ఒక్క ప్రశ్న అడిగి చూడండి: కిలో ఒలిస్తే ఎంతిస్తారు? జవాబు వచ్చాక మీరే లెక్క వెయ్యండి, గంటకు ఎంత పడుతుందో.